భోజనాలయ్యాకే పాచిక

కిందటి వారం తమ్ముడి కూతురు కాకినాడ నుంచి ఫోను చేసి, ఆదివారం మధ్యాహ్నం ఖాళీయేనా పెదనాన్నా అని అడిగితే, బ్యాంకు కాగితాల గొడవేదో అయి ఉంటుందనుకున్నాను గానీ, నన్ను ఒక ఆటలో కూర్చోబెట్టడానికని అనుకోలేదు. ఆ పిల్ల ఇంజనీరింగు చదువుతోంది. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేసుకుని కథలోకి దిగి ఆడే ఆటలుంటాయట, వాటిని నడిపేవాళ్ళకి ఎవరో పోటీ పెట్టారట, ఎవరి ఆట వాళ్ళే సొంతంగా తయారుచేసి పంపాలట, పంపే ముందు రకరకాల వయసుల వాళ్ళచేత ఆడించి చూడాలట. స్నేహితులంతా తన ఈడువాళ్ళేననీ, యాభై దాటినవాళ్ళలో విసుక్కోకుండా కూర్చునేది నేనొక్కణ్ణేననీ కాకా పట్టింది. మీకేమీ తెలియక్కర్లేదు, అంతా నేను చెబుతానంటూ ఎంతో ఓపిగ్గా మొదలుపెట్టింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కదా అని లోపల నవ్వుకుంటూ, ఆయ్ అలాగా, ఆయ్ అలాగా అని వింటూ కూర్చున్నాను.

దాని ఆట ఒక దీవిలో జరుగుతుంది. ఖాళీ ఊరు, మనిషన్నవాడు కనిపించడు, నేల అడుగున ఒక రాక్షసి. ఆ మాట చెవిన పడేసరికి నా నవ్వు ఆగిపోయింది. కత్తి పట్టేవాడిగా ఉంటారో మంత్రాలు వేసేవాడిగా ఉంటారో ఆదివారంలోగా ఆలోచించి చెప్పండి అని ఫోను పెట్టేసింది. వాళ్ళ నాన్న ఈ పిల్లకి ఏమీ చెప్పలేదన్నమాట! వాడూ ఇలాంటి ఆటే ఆడాడు, ఒకప్పుడు మా వీధిగదిలో బల్ల దగ్గర, నా పక్కనే కూర్చుని.

నా ఈడు వాళ్ళకి నెట్ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. అమలాపురంలో గడియార స్తంభం దగ్గర నుంచి లోపలికి వచ్చే సందులో, మా ఇంటి వీధిగదిలో ప్లైవుడ్ అడ్డాలు కొట్టించి, ఒక్కో అడ్డానికి ఒక కర్టెన్ వేలాడదీసి, నేనూ ఒకటి పెట్టాను. మోడెమ్ కీచుమని అరిచి అరిచి ఎప్పటికో లైను కలిస్తే గదిలో ఉన్నవాళ్ళందరం ఒక్కసారి ఊపిరి పీల్చుకునేవాళ్ళం. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న మగవాళ్ళకి మెయిలు కొట్టించుకోవడానికి ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళు చెబుతుంటే నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాణ్ణి, కొబ్బరి దింపించామనీ, గేదె ఈనిందనీ, అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయనీ. ఎన్ని కాపురాల కబుర్లు నా వేళ్ళ మీదుగా సముద్రం దాటాయో గానీ ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వలేదు, ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. నేను చెప్పొచ్చేది అది కాదు.

ఓడలరేవు వైపు గ్యాసు పనుల మీద వచ్చిన ఒక మలయాళీ కుర్ర ఇంజనీరు ఆదివారాలు బస్సెక్కి మా సెంటరుకి వచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు కరెంటు తీసేయడం అప్పట్లో మామూలే కాబట్టి, వెనక్కి వెళ్ళడానికి బస్సు వేళ కాక, చేయడానికి పని లేక, ఒకరోజు సంచీలోంచి గలగలమంటూ పాచికలు తీశాడు. అలాంటి పాచికలు నేనంతకు ముందు చూడలేదు. నాలుగు ముఖాలది, ఎనిమిది ముఖాలది, ఇరవై ముఖాలది కూడా ఉంది. ఆ ఆటకి పటం ఉండదు, కాయలుండవు. ఒకడు ఆట నడుపుతాడు, మీరు ఫలానా చోట ఉన్నారు, ఎదురుగా ఇది ఉంది, ఇప్పుడేం చేస్తారు అని అడుగుతాడు. తతిమ్మావాళ్ళు చేసేది నోటితో చెబుతారు. అవుతుందో కాదో తేలనిదాన్ని పాచిక తేలుస్తుంది, అంతే. అష్టాచెమ్మా తప్ప ఎరగని నాకు అది పిచ్చి పట్టించింది. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు చూడండి, నడిపేవాడికి కూడా తెలియదు, ఆ తెలియకపోవడంలోనే మజా అంతా ఉంది. ఆ అబ్బాయికి బదిలీ అయినప్పుడు పాచికల సంచీ, రూల్సు పుస్తకం జిరాక్సూ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పటి నుంచి నేను నడిపేవాణ్ణి, కాలేజీ చదువుతున్న తమ్ముడూ వాడి స్నేహితుడూ ఆడేవారు.

వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ ఇంజనీరు దగ్గర నుంచి మెయిలు వచ్చింది. ఆట నడిపేవాళ్ళకి నెట్‌లో పోటీ పెట్టారు, ఒక్క మధ్యాహ్నంలో ఆడి ముగించగలిగే కథ తయారుచేసి పంపాలి, అది తయారుచేసేవాడు బాగా ఎరిగిన చోట జరగాలి, నెగ్గినవాటిని పుస్తకంగా వేస్తారు, నువ్వు తప్పకుండా పంపు అని. నేను తయారుచేసింది పుస్తకంలో పడుతుందన్న ఆశ ఒక పక్క, కోనసీమ గురించి ఎక్కడో ఉన్న వాళ్ళకి ఏం చెప్పాలన్న ఆలోచన ఇంకో పక్క, అన్నం సయించలేదు. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే చోటు పెడదామా అనుకున్నాను. కానీ మనసు పదేపదే వెళ్ళింది అత్తయ్య వాళ్ళ లంక మీదికి.

అత్తయ్యంటే మా నాన్నగారి అక్క. కపిలేశ్వరపురం రేవులో నిలబడి చూస్తే గోదావరి మధ్యలో ఆ లంక కనిపించేది. కనిపించేది అన్నాను కదా, ఇప్పుడు కనిపించదు. ఏటేటా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చి, ముందు అరటి తోటలు, తర్వాత కొబ్బరి చెట్లు, ఆఖరికి ఇళ్ళు కూడా గోదావరి తీసుకుపోయింది. భర్త పోయినా, పిల్లలు లేకపోయినా, ఆ ఇల్లే పట్టుకుని ఉన్న అత్తయ్య ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. వచ్చింది గానీ మాట రాలేదు. అంతకు ముందు ఆవిడ ఎలాంటి మనిషంటే, పడవలో పక్కన కూర్చున్నవాళ్ళ మూడు తరాలూ రేవు చేరేలోగా ఆరా తీసి, చివరికి ఏదో ఒక వరస కలిపి, మా ఇంటికొచ్చి ఒక ముద్ద తిని వెళ్ళండని చేయి పట్టుకుని లాగే మనిషి. అటువంటావిడ మా వసారాలో కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీసుకుంటూ, అడిగితే ఆయ్ అనడం, లేకపోతే అదీ లేదు. లంక ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేది. ఇలా ఎండిపోతుందేమో అని అమ్మ కుమిలిపోయేది, మాకందరికీ అదే బెంగ.

అయినా సరే ఆ లంకనే ఎందుకు ఎంచుకున్నానంటే, నిజం చెబుతున్నాను, కుతూహలం. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళిన ఊరు ఇప్పుడు నీళ్ళ అడుగున ఎలా ఉండి ఉంటుందన్నది నన్ను తొలిచేసేది. వీధిగదిలో ఆడుకునేది వసారాలోకి ఏం వినిపిస్తుందిలే అనుకున్నాను. కథ కూడా అల్లేశాను. నది కోసేస్తున్న లంక, అడుగున నేలని నమిలేస్తున్న ఒక రాక్షసుడు, వీరులు పడవలో వెళ్ళి పొద్దుగూకేలోగా వాణ్ణి చంపాలి, లేకపోతే పాచిక వేసి ఊరు మునిగిందో నిలిచిందో చూడాలి. తమ్ముడూ వాడి స్నేహితుడూ పడవ దిగీ దిగగానే కత్తులు దూసి వాడుండే గోతిలోకి దూకారు. రాక్షసుడు చచ్చాడు. మహా అయితే కాఫీ తాగినంతసేపట్లో చచ్చాడు. నాకే చప్పగా అనిపించింది.

అప్పుడు గుమ్మంలోంచి వినిపించింది, "ఒరే అబ్బాయ్, ఆ ఊళ్ళో జనమంతా ఏమయ్యేర్రా?"

చేతిలో ఈనెల కట్టతో అత్తయ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో. జనం ఎవరూ లేరత్తయ్యా, ఉత్త ఊరే అన్నాను నీళ్ళు నములుతూ. "జనం లేకపోతే అది ఊరెలా అవుద్దిరా? రాక్షసుణ్ణి చంపి ఎవర్ని రక్షించేరు మీరు, కొబ్బరి బొండాల్నా?" అంది. కోప్పడినట్టు లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. తమ్ముడు గబుక్కున కుర్చీ జరిపి, మీరూ రండత్తయ్యా అన్నాడు. ఆవిడ కూర్చుంటుందని మాలో ఎవరమూ అనుకోలేదు, కూర్చుంది. ఇరవై ముఖాల పాచికని అటూ ఇటూ తిప్పి, సీతాఫలంలా ఉందేంటిది అంది. కత్తి పట్టేవాళ్ళుంటారు, మంత్రాలు వేసేవాళ్ళుంటారు, మీరెవరుగా ఉంటారని అడిగితే, ఇంకోళ్ళని అవడం నాకెందుకు, నేను నేనే అంది.

అలా అత్తయ్య లంకలో దిగింది. దిగి, రాక్షసుడి వైపు కాకుండా ఊళ్ళోకి నడిచింది. మొదటి ఇంటి ముందు ఆగి, నిజంగా గొంతు పెంచి, "ఏవండీ, ఎవరన్నా ఉన్నారా?" అని పిలిచింది. లేరంటే మళ్ళీ లేచి వసారాలోకి పోతుందని భయం వేసి, ఉన్నారండీ, ఒక ముసలాయన ఉన్నాడు అన్నాను. "ఎవరి తాలూకు?" అంది. ఆట పుస్తకంలో ఆ మనిషి బలమెంతో, చేతిలో ఏ ఆయుధముందో రాసుకోవడానికి చోటుంది గానీ, ఎవరి తాలూకో రాసుకోవడానికి చోటు లేదు. నేను తడబడుతుంటే ఆవిడే అందుకుంది, ఆయనకి చెవుడు కదా, దగ్గరికెళ్ళి చెబుతానంది. పెద్ద కోడలిది ముక్తేశ్వరం అనీ, మనవడికి ఉబ్బసమనీ, పెరట్లో పనస చెట్టు వాళ్ళదైనా కాయలు సగం పక్కింట్లోనే పడతాయనీ, అందుకు రెండిళ్ళవాళ్ళూ ఏటా పోట్లాడుకుని ఏటా కలిసే తింటారనీ చెప్పుకుపోయింది. ఏడాదిగా మూగగా ఉన్న మనిషి! అమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు పక్కన నిలబడిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే ఆట. ఆవిడ ఒక్కో ఇల్లూ ఎక్కి దిగేది, నేను ఆ ఇంటివాళ్ళ గొంతుతో పలికేవాణ్ణి, ఆవిడ దిద్దేది. ఏ ఇంటికెళ్ళినా ఆ ఇంటివాళ్ళు భోంచేసి వెళ్ళమనాల్సిందే, నేను అనడం మరిచిపోతే ఆ ఇల్లు అలాంటిది కాదురా అని నొచ్చుకునేది. తమ్ముడి స్నేహితుడు కత్తి పక్కన పెట్టి ఊరివాళ్ళ పశువులు తోలేవాడు. ఆఖరికి గోతి దగ్గరికి వెళ్ళినప్పుడు, రాక్షసుణ్ణి కూడా నువ్వెవరి తాలూకని అడిగి, పాపం వాడికి ఎవరూ లేరని నేను చెప్పేసరికి, ఎవరూ లేనివాడితో మనకి గొడవెందుకు, ముందొక ముద్ద పెట్టండి అంది. అన్నం తిన్నవాడి మీద కత్తి ఎత్తడం మా వైపు లేదు. దానితో నా రాక్షసుడు నాకు కాకుండా పోయాడు.

ఇక మిగిలింది నది. నేను మొదట రాసిన కథలో వరద పెరిగేకొద్దీ ప్రమాదం. పెరిగేటప్పుడు ఏం భయం లేదురా, తీసేటప్పుడే ఒడ్డు విరిగి పడేదని అత్తయ్య చెప్పింది, ఆ మాట మాత్రం చాలా మెల్లిగా చెప్పింది. పోటీకి పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది. కథ ముగించాలి, ముగించాలంటే ఊరు ఉందో పోయిందో పాచిక వేసి తేల్చాలి. నాకు కంటి మీద కునుకు లేదు. పాచిక అడ్డం తిరిగితే అత్తయ్య తన ఊరిని రెండోసారి పోగొట్టుకోవాలి. మళ్ళీ మూగబోతే? పుస్తకమూ వద్దు, పోటీ వద్దు అని కూడా అనిపించింది. ఆట నడిపేవాడు తన పాచికలు ఎవరికీ కనపడకుండా అడ్డు పెట్టుకుని వేసుకోవచ్చునని పుస్తకంలోనే ఉంది. కీబోర్డు అట్టపెట్టె ఒకటి అడ్డు పెట్టుకుని, ఏది పడినా ఊరు నిలిచిందని చెప్పేద్దామని తమ్ముడూ నేనూ అనుకున్నాం.

ఆ ఆదివారం అత్తయ్య స్నానం చేసి మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. వరద తీస్తోందని చెప్పాను. పాచిక తీయబోతే ఆగమంది. "భోజనాలయ్యేయా?" అంది. ఎవరివండీ అన్నాను. "ఊరందరివీని. ఏ ఇంట్లో వండింది ఆ ఇంట్లో ఒదిలేసి పోకూడదు. అందర్నీ కూర్చోబెట్టు." కూర్చోబెట్టాను. ఎవరికి ఏం వడ్డించాలో ఆవిడే చెప్పింది. చెవుడాయనకి ఇంకొంచెం మజ్జిగ పొయ్యమంది, రాక్షసుడికి ఆకు పక్కన నీళ్ళు పెట్టమంది. తిన్నాక పడవలెక్కిద్దామా అంటే, ఎక్కి ఎవరెక్కడికి పోతారు అని అడిగింది. జరిగింది జరిగినట్టే నా నోటికి వచ్చేసింది, కొందరు రావులపాలెం, కొందరు కొత్తపేట, కొందరు హైదరాబాదు వాచ్‌మన్ పనులకి అని.

"వద్దు," అంది అత్తయ్య. "కిందటిసారి ఎవరికి తోచిన దారిని వాళ్ళు పోయేం. ఇల్లు పోతే పోయింది, ఇటుకలు. పనస చెట్టు దగ్గర పోట్లాడుకోడానికి కూడా ఎవరూ మిగల్లేదురా నాకు. పడవలన్నీ ఒకదానికొకటి కట్టించు. అందరూ ఒక్క చోటికే."

ఏడాదిగా ఆవిడ దిగులు పోయిన నేల గురించనే అనుకున్నాం మేమంతా. నేను పడవలు కట్టించాను. కట్టాం అన్నాను. ఇప్పుడు వెయ్యమని, నేను అట్టపెట్టె వెనక చేయి పెట్టేసరికి, "ఆ అడ్డం తీసెయ్. గోదారి నా ఎదురుగానే కోసింది. ఇదీ నా ఎదురుగానే పడనీ" అంది. తీసేశాను. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. పాచిక దొర్లి దొర్లి బల్ల అంచున ఆగింది. ఊరు మునిగింది.

అత్తయ్య ఆ పాచిక కేసి కాసేపు చూసి, దాన్ని తీసి సంచీలో వేస్తూ, "పోనీలే, అందరూ తిన్నారు కదా" అని లేచి, మా ముగ్గురికీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. మా ఇంటికొచ్చాక ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళడం అదే మొదలు.

ఉన్న కథంతా కొట్టేసి మళ్ళీ రాశాను. అందులో ఊరు మునిగినా గెలవచ్చు, జనం చెదిరిపోతే మాత్రం ఓడినట్టు. ఎవరి తాలూకో తెలుసుకోకుండా ఎవరినీ పడవ ఎక్కించడానికి వీల్లేదు. ఊరంతా తినేదాకా పాచిక ముట్టుకోకూడదు. నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి, లైను తెగిపోతూ ఉంటే మళ్ళీ మళ్ళీ కలుపుకుంటూ ఎలాగో పంపాను. నెలలు గడిచాక జవాబు వచ్చింది. బహుమతి రాలేదు, పుస్తకంలోనూ పడలేదు. శత్రువు ఎవరో తెలియడం లేదనీ, తిండికే సగం ఆట అయిపోతోందనీ రాశారు. మనసు చివుక్కుమంది, దాచుకోవడమెందుకు. కానీ కింద ఇంకొక ముక్క ఉంది. వాళ్ళు బల్ల దగ్గర ఆడి చూసినప్పుడు పడవలెక్కే వేళకి ఎవరూ లేవడానికి ఇష్టపడలేదట, ఆ చెవుడాయన మనవడి ఉబ్బసం తగ్గిందా అని ఒకాయన అడగమన్నాడట.

అది అత్తయ్యకి చదివి చెప్పాను. ఆళ్ళది ఏ ఊరని అడిగింది. ఏదో కెనడా వైపు, చాలా దూరం అన్నాను. "అంత దూరం నించి మా ఊరొచ్చేరన్న మాట," అని ఆశ్చర్యపోయి, ఆ తర్వాత అనుమానంగా, "తిన్నారంటా?" అంది. తిన్నారంట అన్నాను. ఆవిడ మొహం ఆ రోజు వెలిగినట్టు నేను మళ్ళీ చూడలేదు. ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టింది, పక్కింటివాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోవాలని. నన్ను వెంటబెట్టుకుని బస్సుల మీదా ఆటోల మీదా తిరిగింది, కొందరు దొరికారు, చెవుడాయన దొరికేనాటికి ఆయన లేరు. ఉబ్బసం కుర్రాడు అంతర్వేదిలో పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు, పెళ్ళి కూడా అయింది. అత్తయ్య పోయిన రోజున మా వీధి గుమ్మం ముందు ఆ లంకవాళ్ళు అంతమంది కలిసి నిలబడ్డం నేను చూశాను, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటుంటే ఆవిడ వినివుంటే బాగుండుననిపించింది.

ఇక మొన్న ఆదివారం సంగతి. ఇప్పుడు బల్ల కూడా అక్కర్లేదట, ఫోను తెర మీద గళ్ళు గళ్ళుగా పిల్లల మొహాలు, ఒకడు పూనాలో, ఒకమ్మాయి విశాఖలో, ఇంకొకడు ఎక్కడో చెప్పనేలేదు. రెండేళ్ళుగా కలిసి ఆడుతున్నారట, ఒకరిది ఏ ఊరో ఇంకొకరికి తెలియదు. అడగడం బాగోదు పెదనాన్నా అంది మా పిల్ల. నిజమే, మా రోజుల్లో ఆ ప్రశ్న ముద్ద పెట్టడానికి అడిగినవాళ్ళూ ఉన్నారు, గుమ్మం బయట ఆపడానికి అడిగినవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఈ పిల్లలు దాన్ని వదిలేశారంటే నేను తప్పు పట్టను. మీరెవరు పెదనాన్నా అని మా పిల్ల అడిగితే, మా అత్తయ్యని అన్నాను. అందరూ నవ్వారు. నేను పడవ దిగి, కత్తులవాళ్ళని ముందు పోనిచ్చి, ఖాళీ ఊళ్ళో మొదటి ఇంటి ముందు నిలబడి, ఏవండీ ఎవరన్నా ఉన్నారా అని పిలిచాను.

మా పిల్ల ఆగిపోయింది. ఆ ఆగిపోవడం నాకు బాగా తెలుసు. కాసేపటికి, ఉన్నారండీ, ఒకావిడ ఉన్నారు అంది నెమ్మదిగా. ఎవరి తాలూకమ్మా అన్నాను. దానితో ఆట ఎటో వెళ్ళిపోయింది. విశాఖ అమ్మాయి ఆ ఇంటావిడకి వాళ్ళ అమ్మమ్మ పేరు పెట్టింది, పూనా కుర్రాడు పక్కింట్లో వాళ్ళ తాతగారిని దింపి, వాళ్ళ ఊరి చేపల పులుసు వండించాడు. పొద్దుపోయేదాకా ఎవరూ రాక్షసి జోలికి వెళ్ళలేదు. పోటీలో నెగ్గుతుందో లేదో తెలియదు గానీ, మా పిల్ల కళ్ళు మాత్రం మెరిశాయి. ఈ ఆట మీకెవరు నేర్పారు పెదనాన్నా అని అడిగితే, మీ నాన్ననడుగు అన్నాను.

ఆట అయిపోయాక అందరూ బై అన్నారు. తెర మీద గళ్ళు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎవరు ఎక్కడికి వెళ్ళారో, వెళ్ళేముందు ఏమైనా తిన్నారో లేదో అడుగుదామని నోటి దాకా వచ్చింది, ఈ రోజుల్లో అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను. అత్తయ్య అయితే అడిగేది.